నెత్తిన నిప్పు, గోడకు నెమ్ము

వేసవిలో చల్లదనము కోరి మిద్దెపై వేయించిన పూత కార్తీకమాసపు వానలకు పెచ్చులూడి, ఇల్లు కురిసి, తుదకు గృహస్థునకును పనివానికిని వ్యాజ్యముగా పరిణమించుట తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో అరుదైన సంగతి కాదు. తప్పెవరిదో తేల్చుట ఎట్లు?

తిరుపతి పట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా పదమూడున్నర డిగ్రీలకు కొంచెము మించిన అక్షాంశముపై నున్నది కావున, ఏటేట ఏప్రిల్ నెల చివరి వారమున నొకసారి, ఆగస్టు మూడవ వారమున మరియొకసారి, మధ్యాహ్న సమయమున సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చి నిలుచును. ఆ వేళ నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. ఇంటి నాలుగు గోడలకును ఎండ దాదాపుగా తగులదు. ఆకాశము నుండి దిగివచ్చు తాపమంతయు మిద్దె యొక్కటియే మోయవలసియుండును. శీతల దేశములవారు ఇంటికి ఉష్ణరక్షణ యనగానే గోడలను, అటకలను తలచుకొందురు. శేషాచలపు అడుగున, స్వర్ణముఖి యొడ్డున కాపురముండు మనకు ఆ ప్రశ్న యంతయు తలపైనున్న నాలుగైదు అంగుళముల కాంక్రీటు పలకను గూర్చినదే. పగలంతయు ఎండను త్రాగిన ఆ పలక ప్రొద్దు క్రుంకగానే చల్లబడదు. లోనికి చేరిన వేడిమి కొన్ని గంటల యాలస్యముతో క్రిందివైపునకు దిగి, మంచముపై మేను వాల్చినవానిమీద ప్రసరింపజొచ్చును. మే నెలలో రాత్రి పది గంటలకు గోడను తాకిన చేతికి తోచని వేడిమి పైకప్పు క్రింద నిలుచున్న తలకు తోచుట పై అంతస్తున నివసించు ప్రతివానికిని అనుభవమే.

ఇది యిట్లుండగా మన ప్రాంతమునకు మరియొక విశేషము గలదు. తెలుగునాట పెక్కు జిల్లాలకు నైరృతి రుతుపవనమే ప్రధాన వర్షాధారము కాగా, తిరుపతి చిత్తూరులకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు నడచు ఈశాన్య రుతుపవనము కూడ నంతటి ముఖ్యమైనదే. బంగాళాఖాతమున వాయుగుండము పట్టినదా, రెండు మూడు దినములు ఎడతెగని ముసురు తప్పదు. 2021 నవంబరు మూడవ వారమున తిరుపతి వీధులు ఏరులై పారి, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగునేమోయను భయముతో దిగువ గ్రామముల ప్రజలను తరలించిన దినములను ఎవరును మరచియుండరు. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను ఈ జిల్లాను మరల తడిపిముద్దచేసినది. అనగా ఏప్రిల్ నెలలో మిద్దెకు చేయించిన పని మంచిదో చెడ్డదో నిర్ణయించు పరీక్షకుడు ఏడు నెలలు గడచిన పిమ్మటగాని రాడు. వివాదమునకు బీజము ఈ ఏడు నెలల యెడములోనే యున్నది.

ఎండలు ముదరగానే కరపత్రములు బయలుదేరును. కూల్ పెయింటు, కూలింగ్ టైల్స్, ఫోమ్ షీటు, వాటర్ ప్రూఫింగ్ అను మాటలు వినని వీధి యుండదు. గృహస్థుడు ఉద్యోగ విరమణ పొందిన ఉపాధ్యాయుడో, బస్సు డిపోలో గుమాస్తాయో, చిన్న వర్తకుడో కావచ్చును. ఇల్లు పది పదునైదేండ్ల క్రిందట కట్టినది. పై గదిలో పిల్లలు పరీక్షలకు చదువుకొనలేకున్నారు. చదరపు అడుగునకు ఇంత యని బేరము కుదురును. సగము సొమ్ము ముందుగా చెల్లును. “పదేండ్లు గ్యారంటీ సార్, పది డిగ్రీలు తగ్గలేదంటే నన్నడగండి” అను వాగ్దానము నోటిమాటగానే జరిగిపోవును. రసీదు అడుగుట మర్యాద కాదని గృహస్థుడును, ఇచ్చుట అనవసరమని పనివాడును తలతురు. మిద్దె తెల్లగా మెరయును. మే నెల కొంత సుఖముగనే గడచును. కథ సుఖాంతమైనట్లే కనబడును.

నవంబరున పిట్టగోడ మొదట నొక చెమ్మగీత పుట్టును. మరునాటికి ఫ్యాను కొక్కెము చుట్టు గోధుమరంగు వలయము తేలును. వారము తిరుగకుండ గోడకు నెమ్మెక్కి, సున్నము పొడిపొడిగా రాలి, స్విచ్చుబోర్డును తాకిన చేతికి జివ్వుమనును. అప్పుడు ఫోను మ్రోగును. “ఏమప్పా, మిద్దె కారతా ఉండాది, నువ్వేసిన పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తా ఉండాది” అని యొకరు. “నా పనిలో తప్పేమీ లేదు సార్, మీ శ్లాబే చీలింది, పాత శ్లాబుకు నేనేం చేసేది” అని యొకరు. దుకాణమునకు పోయినచో సరుకు మంచిదేననియు, వేసినవాడు నీళ్లెక్కువ కలిపియుండుననియు చెప్పుదురు. తయారీదారునకు వ్రాసినచో తాము గుర్తించిన పనివారిచేత వేయించలేదు కావున వారంటీ వర్తింపదని ప్రత్యుత్తరము వచ్చును. ఇల్లు కట్టిన బిల్డరును అడిగినచో పైన ఇతరులు పని చేసిన తరువాత తన పూచీ తీరినదనును. నలుగురి మాటయు విడివిడిగా వినునప్పుడు న్యాయముగనే తోచును. కలిపి చూచినప్పుడు మాత్రము కురియుచున్న కప్పుకు కర్త యెవ్వడును లేకపోవును.

ఒక్క చేతి పని

ఈ బాధ్యతలన్నియు ఒకనాడు ఒక్క చేతిలో నుండెడివి. రాయలసీమ పల్లెలలోని మట్టిమిద్దెలు చూచినవారికి ఈ సంగతి తెలియును. రాతిగోడలపై దూలములు, వానిపై దంతెలు, ఆపైన కట్టెపుల్లలో బోదయో పరచి, జానెడుకు మించి మన్ను మెత్తి, మీద చవుడు మన్ను పోసి అణచెడివారు. ఆ మట్టిమందమే వేడిని ఆపెడిది. ఆ చవుడే వాన నీటిని జార్చెడిది. వానకారుకు ముందు ఏటేట క్రొత్త చవుడు పోయుట గృహధర్మము. పోసినవాడు ఊరిలోనే యుండెడివాడు; కప్పు కురిసినచో ఆతనిని పిలుచుటకు నోటీసు పంపవలసిన పని లేకుండెను.

పట్టణములలో మద్రాసు టెర్రసు అను మిద్దె వాడుకలో నుండెడిది. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వంటి చోట్ల పాతయిండ్లలో నేటికిని కొన్ని మిగిలియున్నవి. టేకు దూలములపై చిన్న ఇటుకలను నిలువంచున ఏటవాలుగా సున్నముతో పేర్చి, అది గట్టిపడిన తరువాత ఇటుక జల్లిని గానుగ సున్నముతో కలిపి మూడు నాలుగంగుళముల మందమున పరచి, స్త్రీలు వరుసగా కూర్చుండి కొయ్య చెక్కలతో దినముల తరబడి కొట్టుచు, బెల్లము, కరక్కాయ నానిన నీరు చిలుకరించుచు, చెక్క ఎగిరిపడునంతవరకు ఆ పని సాగించెడివారు. దానిపై పలుచని మట్టిపెంకులు పరచి అతుకులు మూయుటతో పని ముగిసెడిది. ఈ నిర్మాణమునకు భారత ప్రమాణ సంస్థ వారు ఐ.ఎస్. 2119 అను ప్రమాణమునే ప్రచురించిరి. ఇటుక జల్లిలోని గాలిగదులు వేడిని అడ్డగించును. కొట్టిన సున్నము నీటిని అడ్డగించును. తూమువైపునకు పెట్టిన వాటము నీటిని నిలువనీయదు. చల్లదనము, పొడిదనము, వాటము అను మూడును ఒకే పనివాని లెక్కలోనివి. చంద్రగిరి కోటలోని రాజమహలు కొయ్య వాడక ఇటుక, రాయి, సున్నములతో మూడంతస్తులుగా లేచి యిన్ని శతాబ్దముల ఎండవానలకు నిలిచియున్నదన్నచో, సున్నపు పని యెరిగినవారికి ఆశ్చర్యము కలుగదు.

ఆ కాలమే బంగారు కాలమని నేననుట లేదు. మట్టిమిద్దెలలో తేళ్లుండెను, ఎలుకలుండెను, ఎడతెగని ముసురులో మన్ను నాని కప్పు కూలి మనుష్యులు చచ్చిన సందర్భములును లేకపోలేదు. కాంక్రీటు శ్లాబు వచ్చి ఆ భయమును తొలగించినది. కాని తనతో బాటు వేడిని తెచ్చినది. ఆ వేడిని పోగొట్టుటకు ఒక వ్యాపారము, ఆ పలక బీటలను పూడ్చుటకు మరియొక వ్యాపారము పుట్టినవి. ఒకే కప్పునకు ఇప్పుడు ఇద్దరు వైద్యులు, ఒకరి చీటీ ఒకరు చూడరు.

పది డిగ్రీలు ఎచ్చట?

“పది డిగ్రీలు తగ్గును” అను వాగ్దానమును కొంచెము పరిశీలింపవలసియున్నది, ఏలయన సగము తగవులకు మూలమైనది ఈ వాక్యమే. మే నెల మధ్యాహ్నమున నల్లబారిన శ్లాబు పైతలము అరువది డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగును. దానిపై మంచి తెల్లని పూత వేసినచో పైతలము పది కాదు, అంతకు మించియు చల్లబడవచ్చును. కాని గదిలోని గాలి మాత్రము సాధారణముగా రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గదు. ఏలయన గదికి వేడి కప్పునుండియే కాక కిటికీలనుండి, గోడలనుండి, బయటి గాలినుండి కూడ వచ్చుచుండును. అమ్మువాడు చెప్పినది పైతలమును గూర్చి. కొన్నవాడు విన్నది తన మంచమును గూర్చి. ఇద్దరిలో అబద్ధమాడినవాడు ఎవ్వడును లేకుండగనే ఒక మోసము జరిగిపోయినది. కావున ఎచ్చటి యుష్ణోగ్రత, ఏ వేళ, ఏ పరికరముతో కొలిచినది అను మూడు మాటలు కాగితముపై లేని వాగ్దానము వాగ్దానమే కాదని నా యభిప్రాయము. పని జరుగకముందు ఒక మధ్యాహ్నమున, జరిగిన పిదప అట్టి యెండ కాసిన మరియొక మధ్యాహ్నమున, పైకప్పు అడుగుభాగమును పరారుణ థర్మామీటరుతో కొలిచి ఇరువురును సంతకము చేసినచో తరువాతి వాదములు చాలవరకు పుట్టనే పుట్టవు.

తెల్లని పూతకు ఆయువు కూడ పరిమితమే. క్రొత్తగా నున్నప్పుడు ఎండలో అధికభాగమును తిప్పి పంపును. దుమ్ము పట్టి, పాచి పట్టి, రెండు మూడు వర్షర్తువులు గడచునప్పటికి దాని తెలుపుతో బాటు శక్తియు తరుగును. ఫోమ్ పలకల స్థితి వేరు: వానిలోని బంధింపబడిన గాలియే వేడిని ఆపునది. నీరు నిశ్చలమైన గాలికంటె ఇరువదిరెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును గనుక, పలకలోనికి తడి చొరబడినచో అది కాపుదలగా నుండుట మాని కేవలము బరువై మిగులును. ఇందువలన చల్లదనపు పనిని, నీరాపు పనిని వేరు చేసి చూచుట శాస్త్రరీత్యా కూడ పొరపాటు. తడిసిన కప్పు చల్లని కప్పు కానేరదు.

శ్లాబు బీటలను గూర్చి పనివారు చెప్పు మాటలో నిజము లేకపోలేదు. కాంక్రీటు ఒక్కొక్క డిగ్రీకి మీటరున సుమారు పది మైక్రాన్లు వ్యాకోచించును. పది మీటర్ల పొడవుగల శ్లాబు తెల్లవారుజామునకును మధ్యాహ్నమునకును నడుమ నలువది డిగ్రీలు మారినచో నాలుగు మిల్లీమీటర్లు సాగి ముడుగవలసియుండును. పిట్టగోడ అంతగా సాగదు. కావున చీలిక మొదట వచ్చునది ఆ రెండును కలియు మూలయందే. మంచి పనివాడు పూత వేయుటకు ముందు ఆ మూలను గుండ్రముగా పూడ్చి, బీటలను చెక్కి నింపి, వాటమును సరిచేసి, తూమును శుభ్రపరచి, ఆ తరువాత డబ్బా మూత తీయును. చెడ్డ పనివాడు మొదటనే మూత తీయును.

డబ్బాలను లెక్కించుట చిన్నపనిగా తోచవచ్చును గాని దానిలో గొప్ప సాక్ష్యము గలదు. ఒక లీటరు పూతను ఒక చదరపు మీటరుమీద పరచినచో తడిగా నున్నప్పుడు దాని మందము సరిగా ఒక మిల్లీమీటరగును. ఆరిన పిమ్మట అందు కొంత భాగమే నిలుచును. వేయి చదరపు అడుగుల మిద్దె సుమారు తొంబదిమూడు చదరపు మీటర్లు. డబ్బాపై తయారీదారు ముద్రించిన లెక్క ప్రకారము ఎన్ని లీటర్లు పట్టవలెనో, పెరటిలో మిగిలిన ఖాళీ డబ్బాలు ఎన్నో పోల్చి చూచినచో నీరెంత కలిసినదో చెప్పుటకు ఇంజనీరు అక్కరలేదు. పనివాడు పోవునప్పుడు ఆ డబ్బాలను పాత సామానువానికి వేయకుడు.

చట్టమేమనును

గృహస్థులలో పెక్కుమంది ఇది మేస్త్రీతో తగవు గనుక పెద్దమనుషుల యెదుట తేల్చుకొనవలసినదే గాని న్యాయస్థానపు విషయము కాదని తలచుచున్నారు. ఇది సరికాదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునందు మొదట “సేవ” నిర్వచనములో గృహనిర్మాణమను మాట లేదు. 1993 సవరణతో చేరినది. ఆ యేటి నవంబరులోనే లక్నో అభివృద్ధి సంస్థకును ఎం.కె. గుప్తాకును నడుమ జరిగిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇల్లు కట్టుట సేవయేననియు, అందలి లోపమునకు ప్రభుత్వ సంస్థ సైతము పరిహారము చెల్లింపవలసినదేననియు స్పష్టపరచినది. మన తెలుగునాటినుండి పోయిన వ్యాజ్యము మరియొకటి గలదు: నార్నె కన్‌స్ట్రక్షన్ సంస్థ తాము అమ్మునది కేవలము భూమియే గాని సేవ కాదని వాదింపగా, అనుమతులు తెచ్చి, రోడ్లు, కాలువలు ఏర్పరచి ఇత్తుమని చెప్పి అమ్మిన స్థలము ఉత్త భూమి కాదనియు, అది సేవయే యగుననియు 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. భూమికే అట్లన్నప్పుడు, సొమ్ము పుచ్చుకొని మిద్దెపై పని చేసినవాడు “నేను రంగు పూసితినంతే” యని తప్పించుకొనుట కష్టము.

ఇప్పుడు అమలులోనున్నది 2019 నాటి చట్టము. 2020 జులై 20 నుండి అమలునకు వచ్చినది. ఒప్పుకొన్న పనిలో నాణ్యతయందు గాని, చేసిన తీరునందు గాని ఏ కొరతయున్నను అది సేవాలోపమని అది చెప్పుచున్నది. తగిన పరీక్ష లేకయే వస్తువు మన్నికకు గ్యారంటీ ఇచ్చుట, బిల్లు ఇయ్యకుండుట అనునవి అందులో అనుచిత వ్యాపార పద్ధతులు. వస్తుదోషమునకు తయారీదారు, అమ్మకందారు, సేవ చేసినవాడు ముగ్గురును బాధ్యులు కాగల యధ్యాయము ఒకటి క్రొత్తగా చేరినది. నలుగురు నాలుగు దిక్కులు చూపుచున్నప్పుడు నలుగురిని ప్రతివాదులుగా చేర్చి, మీలో మీరు తేల్చుకొనుడని చెప్పుట కిది త్రోవ.

తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరు జిల్లా యగుటకు పూర్వమే చిత్తూరు జిల్లాకు చిత్తూరునందొకటి, తిరుపతియందొకటిగా రెండు వినియోగదారుల వేదికలుండెను. ఇప్పుడు చెల్లించిన ప్రతిఫలము ఏబది లక్షలవరకు జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధి. ఐదు లక్షలవరకు రుసుము లేదు. మిద్దె పూతలలో అధికభాగము ఈ ఉచిత పరిధిలోనే యుండును. పనివాడు చెన్నైనుండియో బెంగుళూరునుండియో వచ్చినవాడైనను, ఫిర్యాదుదారు తాను నివసించు చోటనే దాఖలు చేయవచ్చును. సరిహద్దు జిల్లావారమైన మనకు ఈ సదుపాయము చిన్నది కాదు. నోటీసు అందిన ప్రతివాది ముప్పది దినములలో, కమిషన్ దయ తలచినచో మరి పదునైదు దినములలో బదులు చెప్పవలెను; నలుబదియైదు దినములకు మించి గడువు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2020 మార్చిలో తేల్చిచెప్పినది. ఉత్తరువును పాటింపనివానికి జైలు, జరిమానా గలవు. వ్యాజ్యము మూడు నెలలలో, పరీక్షలు అవసరమైనచో ఐదు నెలలలో ముగియవలెనని చట్టము కోరుచున్నది. అది చట్టము కోరిక; అనుభవము వేరని వకీళ్లు చిరునవ్వుతో చెప్పుదురు.

అన్నింటికంటె చిక్కైన ముడి యొకటి గలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము డెబ్బదిమూడవ సెక్షను ప్రకారము, ఒప్పందము చెడినచో నష్టపరిహారము లభించును గాని, ఆ నష్టము పెరుగకుండ చేసికొనుటకు తనకు గల యుపాయములను బాధితుడు ఉపయోగించెనా లేదా అనునది కూడ లెక్కలోనికి వచ్చును. అనగా కప్పు కురియుచున్నదని చూచుచు మూడేండ్లు కూర్చుండి, కూలిన పైకప్పునకంతయు వెల కట్టుమనుట చెల్లదు. సరే, వెంటనే వేరొక మేస్త్రీని పిలిచి పాత పూతనంతయు గీకివేయించి మరల వేయించినచో? ఇల్లు నిలుచును, సాక్ష్యము పోవును. కమిషన్ యెదుట నిలిచి, ఆ పూత ఎంత పలుచనిదో చూపుటకు ఏమియు మిగులదు. దీనికి పరిష్కారము, మరమ్మతునకు ముందే లిఖితపూర్వకముగా నోటీసిచ్చి పనివానిని తనిఖీకి పిలుచుట; లైసెన్సు గల సివిల్ ఇంజనీరుచేత మందము, బీటలు, చెమ్మ కొలిపించి నివేదిక పుచ్చుకొనుట; వ్యాజ్యము మొదలైనచో కమిషన్‌ను వేడి న్యాయవాది కమిషనరును పంపించుకొనుట. లేచిన పూత పెచ్చులను కూడ తేదీ వ్రాసి దాచవలెను. ఫోనులో తీసిన ఫొటోలు, వాట్సాప్ సందేశములు సాక్ష్యమునకు పనికివచ్చును. అయితే 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియము 63వ సెక్షను కోరు ధ్రువపత్రము వానికి జతచేయవలెను. ఫోను మార్చునప్పుడు పాత సందేశములను పోగొట్టుకొన్నవాని మాటకు ఆధారము లేకపోవును.

పని పూర్తియైన దినముననే నీరు నిలిపి చూచుట ఏడు నెలల నిరీక్షణకు విరుగుడు. తూములు మూసి, అంగుళము లోతున నీరు పోసి, రెండు దినములుంచి క్రింద చూచినచో వానకాలము ఏప్రిల్‌లోనే వచ్చినట్లగును. తుది వాయిదా సొమ్ము ఈ పరీక్ష తరువాత గాని చెల్లింపరాదు. ఒక్క హెచ్చరిక: వేయి చదరపు అడుగులపై అంగుళము నీరనగా రెండు టన్నులకు పైగా బరువు. పాత మిద్దెలకు ఇంజనీరును అడుగక ఈ ప్రయోగము చేయరాదు.

పనివాని పక్షము

గృహస్థుని పక్షమే పట్టి వ్రాయుచున్నానని పనివారు అనుకొనవచ్చును. వారి మాటలోని న్యాయమును కూడ చెప్పవలెను. మూడు పూతలకు సరిపడు ధర అడిగినవానిని త్రోసిపుచ్చి, రెండు పూతల ధరకు మూడు వేయుదునన్నవానిని పిలుచునది గృహస్థుడే. పని ముగిసిన నెలకు సోలారు హీటరు కాళ్లకు డ్రిల్లుతో రంధ్రములు వేయించునదియు, డిష్ స్తంభము బిగించునదియు ఆయనయే. మిరపకాయలు, చింతపండు, ఒడియములు మిద్దెపై ఎండబెట్టి, సాయంకాలము చెక్కపారతో గీకి యెత్తు యింటిలో ఏ పూత ఎన్ని యేండ్లు నిలుచును? వేరుసెనగ కాయలు ఆరబోసి త్రొక్కుడు పడిన మిద్దెకు పదేండ్ల గ్యారంటీ అడుగుట సాహసమే. చిన్న పనివారికి వ్రాతకోతలు రావు. వ్యాజ్యము మొదలైనచో వారము కూలి పోవును. కావున కమిషన్ యెదుట వాదము సాగించుటకు ముందు చట్టములోనే యున్న మధ్యవర్తిత్వపు మార్గమును ఇరుపక్షములు ప్రయత్నించుట మేలు. ఈ తరహా తగవులలో సగము, కొంత సొమ్ము తగ్గించుకొని మరల రెండు పూతలు వేయించుటతో తీరదగినవే.

ప్రభుత్వము వెనుకనుండి డబ్బిచ్చి జరిపించిన చోట సైతము ఈ పని ఎంత చెడగలదో చూడదలచినవారు విదేశముల వైపు చూడవచ్చును. ఆస్ట్రేలియాలో 2009లో ప్రభుత్వము ఇంటి అటకలకు ఉష్ణనిరోధకము వేయించు పథకమును హడావుడిగా మొదలిడగా పది లక్షలకు మించిన ఇండ్లకు పని జరిగినది. తర్ఫీదు లేని పనివారిలో నలుగురు యువకులు మరణించిరి, ముగ్గురు విద్యుద్ఘాతమున, ఒకడు అటకలోని యుష్ణతాపమున. పథకము ఏడాదికే ఆగిపోయినది; 2014లో రాయల్ కమిషన్ విచారణ జరిపినది. బ్రిటనులో ప్రభుత్వ పథకముల క్రింద వెలుపలి గోడలకు ఉష్ణనిరోధకము వేయించిన ఇండ్లలో నూటికి తొంబదియెనిమిదింటికి మరమ్మతు అవసరమని 2025 అక్టోబరులో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయము నివేదించినది. అవి యిరువదిరెండు వేలకు పైబడిన ఇండ్లు. లోపలి గోడలకు వేసినవానిలో ఆ లెక్క నూటికి ఇరువదితొమ్మిది. వారి చలికిని మన యెండకును పొత్తు లేదు గాని, కనబడకుండ మూయబడు పనిలో తనిఖీ లేకున్నచో జరుగునది అంతటను ఒక్కటే.

తెలంగాణము 2023 ఏప్రిల్‌లో చల్లని మిద్దెల విధానమును ప్రకటించి, ఆరువందల చదరపు గజములకు మించిన స్థలములలోని ఇండ్లకు దానిని తప్పనిసరి చేసినది. కేంద్రప్రభుత్వపు ఎకో నివాస్ సంహిత 2018లోనే నివాసగృహముల కప్పునుండి చొరబడదగు వేడికి ఒక పరిమితి నిర్ణయించినది. ఇండ్లు కట్టించి అమ్ము సంస్థలకు 2016 నాటి రెరా చట్టము కింద, ఇల్లు అప్పగించిన ఐదేండ్లలోపల పనితనపు లోపము బయటపడినచో ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలసిన విధి గలదు. కాని పాత యింటి మిద్దెపై పూత వేయు చిన్న కంట్రాక్టరు ఈ వలలలో దేనియందును పడడు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిన తరువాత చల్లని మిద్దె విలాసము కాదని అందరును ఒప్పుకొనిరి. ఆ మిద్దెను చేయువానికి ఒక పరీక్ష గాని, ఒక నమూనా ఒప్పందపత్రము గాని ఏర్పరచవలెనని మాత్రము ఎవరికిని తోచలేదు. పురపాలక సంఘములు ఇంటిపన్ను రసీదుతో బాటు తెలుగులో ఒక పుట ఒప్పందపత్రమును ముద్రించి పంచినచో అయ్యెడి ఖర్చు అత్యల్పము. తిరుపతి నగరపాలక సంస్థవారు, చిత్తూరు నగరపాలక సంస్థవారు ఈ వేసవికి ముందుగనే ఆ పని చేయుదురుగాక యని కోరుచున్నాను.

అంతవరకు పాఠకులకు మనవి. గత వేసవిలో మిద్దె పని చేయించి ఈ యేటి వానకు ఇల్లు కురిసినవారు, హక్కు పుట్టిన దినమునుండి రెండు సంవత్సరములు మాత్రమే ఫిర్యాదునకు గడువని గుర్తింపుడు. మేస్త్రీ రేపు మాపు అనుచున్న దినములు కూడ ఆ గడువులోనివే. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915, తెలుగులో మాటలాడవచ్చును.